రీడింగ్ సర్కిల్‌కి స్టోరీవీవర్ పుస్తకాలు: తెలుగు తరగతిలో ఎంతవరకు పనికొస్తాయి?

తరగతిలో రీడింగ్ సర్కిల్, అంటే నలుగురైదుగురు పిల్లలు ఒకే పుస్తకం చదివి దాని గురించి మాట్లాడుకునే గ్రూపు, మొదలుపెట్టాలంటే ముందుగా కావలసింది ఒకే పుస్తకం నాలుగైదు కాపీలు. మన బడి లైబ్రరీల్లో దొరకనిది సరిగ్గా అదే. బీరువా నిండా పుస్తకాలున్నా ఒక్కో పేరుకి ఒక్కో కాపీయే ఉంటుంది. అయిదుగురు పిల్లలు ఆ ఒక్క కాపీ చుట్టూ మూగితే ఇద్దరికి అక్షరాలు తలకిందులుగా కనిపిస్తాయి. పోనీ ఒకరు పైకి చదివితే, మిగతా నలుగురు మొదటి పేజీ దాటకుండానే దిక్కులు చూస్తారు. సమగ్ర శిక్ష అనే పాఠశాల విద్యా పథకం కింద వచ్చే లైబ్రరీ గ్రాంటు బడి స్థాయిని బట్టి ఏడాదికి రూ.5,000 నుంచి రూ.20,000 దాకా ఉంటుంది. అందులో ఒక్కో పుస్తకం అయిదేసి కాపీలు కొనడం మొదలుపెడితే పుస్తకాల సంఖ్య అయిదో వంతుకి పడిపోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 నవంబరులో వచ్చిన 'చదవడం మాకిష్టం', తెలంగాణలో 2022 ఫిబ్రవరిలో వంద రోజుల పాటు సాగిన 'రీడ్' కార్యక్రమం చదివే సమయాన్ని టైంటేబుల్లోకి తెచ్చాయి. కాపీల బాధ్యత మాత్రం చాలాచోట్ల టీచరు నెత్తినే ఉంది.

స్టోరీవీవర్ అక్కరకొచ్చేది ఇక్కడే. బెంగళూరు కేంద్రంగా 2004లో మొదలైన ప్రథమ్ బుక్స్ అనే లాభాపేక్ష లేని సంస్థ 2015 సెప్టెంబర్ 8న, అంటే అంతర్జాతీయ అక్షరాస్యతా దినం రోజున, ఈ వెబ్‌సైటును తెరిచింది. బొమ్మల కథల పుస్తకాలు ఉచితంగా చదువుకోవచ్చు, పీడీఎఫ్‌గా దించుకోవచ్చు. లైసెన్సు క్రియేటివ్ కామన్స్ వాళ్ళ సీసీ బై 4.0. రచయిత, చిత్రకారుడు, అనువాదకుడు, ప్రచురణకర్తల పేర్లు ఉంచినంత కాలం ఎన్ని కాపీలు తీసుకున్నా ఎవరినీ అడగక్కర్లేదు. మార్చి రాసుకోవచ్చు కూడా, ఏం మార్చామో చెబితే చాలు. మిగతా చోట్ల పిల్లల పుస్తకం జిరాక్స్ తీయించడమంటే కాపీరైటు సంగతి తెలిసీ కళ్ళు మూసుకోవడమే. ఇక్కడ ఆ బెంగ లేదు.

కాపీల విషయంలో పదికి పది మార్కులు. మిగతా విషయాల్లో అంత ధారాళంగా వేయలేం.

స్థాయి అంకెను నమ్మొద్దు

స్టోరీవీవర్ పుస్తకాలకి నాలుగు స్థాయిలు ఉంటాయి. స్థూలంగా చెప్పాలంటే మొదటిది 250 పదాల లోపు, రెండోది 600 లోపు, మూడోది 1,500 లోపు, నాలుగోది ఆ పైన. వాక్యాల పొడవు, విషయం ఎంత సూటిగా ఉందన్నది కూడా చూస్తారు కానీ టీచరు కంటికి కనిపించేది ఆ అంకె ఒక్కటే. తెలుగుకి వచ్చేసరికి ఈ కొలత తేడా కొడుతుంది. మన భాషలో ప్రత్యయాలన్నీ మాటకే అతుక్కుంటాయి. 'పరిగెత్తుకుంటూ', 'వెళ్ళిపోతున్నారట' లాంటివి లెక్కకి ఒక్కో పదమే. కూడబలుక్కుని చదివే మూడో తరగతి పిల్లకి మాత్రం అవి ఒక్కోటీ ఒక్కో వాక్యమంత. పైగా వత్తులు. స్థాయి 1 అని ఉన్న పుస్తకం 120 పదాల్లోనే ముగిసినా, పేజీకి ఏడెనిమిది సంయుక్తాక్షరాలుంటే దాన్ని మొదటి మెట్టు అనలేం. తెలుగులోనే రాసిన కథల్లో ఈ ఇబ్బంది కొంచెం తక్కువ. వేరే భాషలోంచి వచ్చిన అనువాదాల్లో మూలానికి ఇచ్చిన స్థాయే తెలుగుకీ వచ్చేయడం వల్ల ఎక్కువ.

అందుకని డౌన్‌లోడ్ చేసేముందే ఒక చిన్న పరీక్ష పెట్టాలి. మొదటి పేజీ కాదు, మధ్య పేజీ తెరవండి. మొదటి పేజీ ఎప్పుడూ తేలిగ్గానే ఉంటుంది. అక్కడినుంచి 50 పదాలు లెక్కపెట్టి, తరగతిలో మధ్యస్థంగా చదివే ముగ్గురు పిల్లలచేత విడివిడిగా చదివించండి. బాగా చదివే పిల్లతో పరీక్ష పెడితే ఏ పుస్తకమైనా గట్టెక్కుతుంది, దానివల్ల ఉపయోగం లేదు. 50 పదాల్లో తప్పు చదివినవి, ఆగిపోయినవి కలిపి 2 లోపు ఉంటే సర్కిల్‌కి బాగా సరిపోతుంది. 3 నుంచి 5 దాకా ఉంటే ఇద్దరిద్దరు జతగా చదవాలి. 5 దాటితే ఆ పుస్తకం టీచరు చదివి వినిపించడానికే. చదవడంలోనే ఓపిక అంతా అయిపోతే మాట్లాడుకోవడానికి ఏమీ మిగలదు.

మామూలుగా 3వ తరగతికి స్థాయి 1లో పొడవైనవి, స్థాయి 2లో పొట్టివి సరిపోతాయి. 4, 5 తరగతులకి స్థాయి 2 మొత్తం, స్థాయి 3లో ఏరుకున్నవి కొన్ని. 6, 7 తరగతులకి స్థాయి 3. స్థాయి 4 జోలికి 8వ తరగతికి ముందు వెళ్ళకపోవడమే మేలు. 1,500 పదాలు దాటిన కథ ఒక్క పీరియడ్‌లో చదివి మాట్లాడుకోవడం అయ్యే పని కాదు, రెండు వారాలకి విడగొట్టాలి. అలా విడగొడితే మొదటి వారం బడికి రాని పిల్లలు రెండో వారం కథలో సగం నుంచి వచ్చి కూర్చుంటారు. అమెరికాలోనో సింగపూర్‌లోనో వారాంతపు తెలుగు బడి నడిపేవాళ్ళు వయసుకి తగ్గ స్థాయి కంటే ఒకటి కిందికి దిగాలి. అక్కడి పిల్లలకి విని అర్థం చేసుకోవడం బాగానే వస్తుంది, అక్షరం దగ్గరే నెమ్మది.

ఏ కథ మాట్లాడిస్తుంది

అనువాదం ఎవరైనా చేసి ప్రచురించే వీలుంది కాబట్టి నాణ్యత ఒక్క తీరుగా ఉండదు. సంపాదకుల చేతిమీదుగా వచ్చినవి చక్కగా ఉంటాయి. ఔత్సాహికుల అనువాదాల్లో కొన్ని ముచ్చటగా ఉంటాయి, కొన్నిటిలో కర్త ఒక వాక్యంలో ఏకవచనం, తర్వాతి వాక్యంలో బహువచనం. సైటు ఎంపిక చేసి చూపించే పుస్తకాలు, ప్రథమ్ బుక్స్ సొంతంగా వేసినవి ముందు చూడండి. అవి చాలకపోతే మిగతావాటికి వెళ్ళొచ్చు. ఏదైనా సరే చివరి పేజీ దాకా టీచరు చదవకుండా పిల్లల చేతికి ఇవ్వకూడదు. పది నిమిషాల పని.

ఇంకో చిక్కు. ఒకే మూలకథకి తెలుగులో ఒకటికి మించి అనువాదాలు ఉండొచ్చు. బొమ్మలు అవే, అట్ట దాదాపు అదే, లోపల వాక్యాలు వేరు. ఒక గ్రూపులో ఇద్దరికి ఒకటి, ముగ్గురికి ఇంకొకటి అందితే 'నా దాంట్లో అలా లేదు' అన్న తగాదాతోనే పీరియడ్ గడిచిపోతుంది. దించుకున్న పీడీఎఫ్‌కి కథ పేరుతోపాటు అనువాదకుల పేరు కూడా తగిలించి దాచుకుంటే ఈ తంటా ఉండదు.

అసలు విషయం ఏమిటంటే, చదవడానికి బావుండే కథలన్నీ మాట్లాడుకోవడానికి పనికిరావు. రంగులు, అంకెలు, జంతువుల అరుపులు నేర్పే పుస్తకాలు రీడింగ్ సర్కిల్‌లో రెండు నిమిషాల్లో అయిపోతాయి. చివర్లో నీతి చెప్పి ముగించే కథలు ఇంకా ఇబ్బంది, ఎందుకంటే పిల్లలు ఆ నీతినే అప్పజెప్పి చేతులు దులుపుకుంటారు. పాత్ర తీసుకున్న నిర్ణయం మీద ఇద్దరికి రెండు అభిప్రాయాలు వచ్చే కథ కావాలి. పుస్తకం మూసి మీరే ప్రయత్నించండి: జవాబు ఒక్కటే లేని ప్రశ్న ఒకటైనా తడుతుందా? తట్టకపోతే అది చదువుకునే పుస్తకమే, సర్కిల్ పుస్తకం కాదు.

మొట్టమొదటి సర్కిల్‌కి మాటల్లేని బొమ్మల పుస్తకం వాడితే పిల్లల బెరుకు పోతుంది. స్టోరీవీవర్‌లో అలాంటివి ఉన్నాయి. చదవలేని పిల్ల, చదవగలిగిన పిల్ల ఇద్దరూ ఒకే మెట్టు మీద ఉంటారు. పైగా వెనక బెంచీలో నోరు మెదపని పిల్లలకే బొమ్మలో మూలనున్న కుక్కపిల్ల ముందు కనిపిస్తుంది. సైన్సు, లెక్కల విషయాల మీద ఉన్న పుస్తకాలు కూడా దీనికి బాగా సరిపోతాయి, అయితే వాటికి గ్రూపులో పిల్లలకి పనులు పంచే తీరు (దాని సంగతి కింద వస్తుంది) మారాలి. 'ఇది నిజమేనా, ఎలా తెలుసుకోవాలి' అని అడిగే ఒకరిని అదనంగా పెట్టాలి.

ప్రింటు దగ్గర పప్పులో కాలేసేది ఇక్కడే

ఫోన్‌లో, తరగతి గోడకుండే డిజిటల్ ప్యానెల్ మీద చదివించొచ్చు కదా అనిపిస్తుంది. ప్యానెల్ మీద వేస్తే అది తరగతి మొత్తానికి కథ చెప్పడం అవుతుంది. బావుంటుంది కానీ సర్కిల్ కాదు. అయిదుగురికి ఒక ఫోన్ ఇస్తే పేజీ తిప్పే అధికారం ఫోన్ పట్టుకున్నవాడిదే. నెమ్మదిగా చదివే పిల్లలు సగం పేజీలో ఉండగానే పేజీ మారిపోతుంది. చర్చలో 'ఆ మాట ఏ పేజీలో ఉంది' అని వెనక్కి వెళ్ళడం ఫోన్‌లో మరీ కష్టం, సర్కిల్‌కి ప్రాణం అదే. కాబట్టి కాగితమే. సైటులో పుస్తకాలను ఆఫ్‌లైన్‌లో దాచుకునే సదుపాయం టీచరు ఎంపిక చేసుకోవడానికి ఉపయోగపడుతుంది, సిగ్నల్ లేని ఊళ్ళో మరీను.

డౌన్‌లోడ్ కోసం ముందే ఖాతా తెరిచి పెట్టుకోండి. పీడీఎఫ్ రెండు రకాలుగా వస్తుంది, తక్కువ నాణ్యతది, ఎక్కువ నాణ్యతది. ప్రింటుకి ఎక్కువ నాణ్యతదే తీసుకోవాలి. తక్కువదాన్ని చిన్నది చేసి, దాన్ని మళ్ళీ జిరాక్స్ తీస్తే ముందు దెబ్బ తినేది వత్తులే. 'త్త'కీ 'త్ర'కీ తేడా కనపడదు. అప్పుడు పిల్ల తప్పు చదివితే తప్పు పిల్లది కాదు. అసలు కాపీ ఒక్కటి మాత్రం ప్రింటు తీయించి, మిగతా కాపీలు దాన్నుంచే తీయించండి, జిరాక్స్‌కి జిరాక్స్ తీయించొద్దు.

స్టోరీవీవర్ పేజీలు ఎక్కువగా అడ్డంగా ఉంటాయి. ఏ4 కాగితం నిలువుగా పెట్టి, ఒక వైపు రెండు పేజీలు ఒకదాని కింద ఒకటి వచ్చేలా వేస్తే ఒక్కో పేజీ సగం ఏ4 అవుతుంది. స్థాయి 1, 2, 3 పుస్తకాలకి ఈ పరిమాణం చాలు. స్థాయి 4లో పేజీకి అక్షరాలు ఎక్కువ కాబట్టి పూర్తి ఏ4 మీదే తీయాలి. అడ్డం పేజీలు కనుక మామూలు పుస్తకంలా మధ్యకి మడిచి పిన్ను కొడితే పుస్తకం క్యాలెండరులా పైకి తిరుగుతుంది. అందుకని మధ్యకు అడ్డంగా కత్తిరించి, ఎడమ అంచున పిన్ను కొట్టాలి.

రెండు వైపులా ప్రింటు తీసేటప్పుడు నూటికి తొంభై మంది పొరబడేది పేజీల వరుసలో. పేజీలు మామూలు వరుసలో పంపితే ముందువైపు 1, 2, వెనకవైపు 3, 4 వస్తాయి. కత్తిరించగానే 1 వెనక 3, 2 వెనక 4 తేలతాయి. కథ గందరగోళం. ప్రింటుకి పేజీల వరుస 1, 3, 2, 4, 5, 7, 6, 8, 9, 11, 10, 12, 13, 15, 14, 16 అని ఇవ్వాలి. కాగితాన్ని పొడవు అంచు మీద తిప్పేలా సెట్టింగు ఉండాలి. కొన్ని బ్రౌజర్లు మనం ఇచ్చిన వరుసను మళ్ళీ 1, 2, 3, 4గా సర్దేస్తాయి కాబట్టి ప్రివ్యూలో మొదటి కాగితం మీద 1, 3 కనిపిస్తేనే ముందుకు వెళ్ళండి. మొత్తం తీయించకముందు ఒక్క కాగితం తీయించి, కత్తిరించి చూసుకుంటే చాలా కాగితం మిగులుతుంది. ఇదంతా తలనొప్పి అనుకుంటే ఒకవైపే ప్రింటు తీసి, కత్తిరించి, వరుసగా పేర్చుకోండి. కాగితం రెట్టింపు పడుతుంది, వెనకవైపు ఖాళీలో పిల్లలు నోట్సు రాసుకోవచ్చు.

చివర్లో హక్కులు, బొమ్మల వివరాల పేజీలు రెండో మూడో ఉంటాయి. అన్నీ ప్రింటు తీయక్కర్లేదు కానీ ఎవరు రాశారు, ఎవరు బొమ్మలు వేశారు, ఎవరు అనువదించారు, ఏ లైసెన్సు అన్నది ఒక్క పేజీలోనైనా ఉండి తీరాలి. అది లైసెన్సు షరతు. పిల్లలకి కూడా పుస్తకం వెనక మనుషులుంటారని తెలిసేది ఆ పేజీతోనే.

ఖర్చు లెక్క చూద్దాం. 30 మంది తరగతి, అయిదుగురి గ్రూపులు 6. జతగా చదివితే గ్రూపుకి 3 కాపీలు సరిపోతాయి. ఆరు వేర్వేరు కథలు, ఒక్కోటి 3 కాపీలు, మొత్తం 18 పుస్తకాలు. 16 పేజీల పుస్తకానికి నాలుగు ఏ4 కాగితాలు, అంటే 8 వైపులు. 18 పుస్తకాలకి 144 వైపులు. నలుపు తెలుపులో వైపుకి రూ.2 చొప్పున వేసుకున్నా రూ.288. వారానికో కథ చొప్పున గ్రూపులు పుస్తకాలు మార్చుకుంటూ పోతే ఆరు వారాలు నడుస్తుంది. రంగుల్లో వైపుకి రూ.10 వేసుకుంటే రూ.1,440 అవుతుంది. రంగుల్లో అట్ట ఒక్కటే తీయించి, లోపల నలుపు తెలుపు ఉంచడం మధ్యేమార్గం. రాత్రి దృశ్యాలు, అడవి దృశ్యాలు ఎక్కువగా ఉన్న కథ మాత్రం నలుపు తెలుపులో తీయించొద్దు. బొమ్మ మొత్తం మసిపూసినట్టు వస్తుంది. బొమ్మలోనే సగం కథ ఉంటే ఆ సగం పోయినట్టే.

పిన్ను ఎడమ అంచు నుంచి అర సెంటీమీటరు లోపలే కొట్టి, దాని మీద బ్రౌన్ టేపు చుట్టాలి. టేపు లేకపోతే పిల్లల వేళ్ళకి పిన్నులు గీసుకుంటాయి, రెండో వారానికి అట్ట ఊడుతుంది. లామినేషన్ అట్టకి చాలు. లోపలి పేజీలకి చేయిస్తే పెన్సిల్ గీత పడదు, పైగా పుస్తకం తిప్పడానికి మొండిగా ఉంటుంది.

40 నిమిషాల్లో సర్కిల్

గ్రూపుకి నలుగురైదుగురు. ఆరుగురైతే ఇద్దరు మౌనంగా కూర్చుంటారు. ముగ్గురైతే ఒకరు బడి మానిన రోజున గ్రూపే ఉండదు. బాగా చదివేవాళ్ళందరినీ ఒక గ్రూపులో వేయొద్దు. అలాగని ప్రతి గ్రూపులో ఒక లీడర్‌ని పెట్టి వదిలేస్తే ఆ లీడరే టీచరైపోతాడు, తతిమ్మావాళ్ళు తలూపుతారు.

కూర్చోవడానికి, పుస్తకాలు పంచడానికి 5 నిమిషాలు, జతగా చదవడానికి 12, ఎవరి పని వాళ్ళు కాగితం మీద రాసుకోవడానికి 5, మాట్లాడుకోవడానికి 12, ఒకటి రెండు గ్రూపులు తరగతికి చెప్పడానికి 6. స్థాయి 2 కథకి ఇది సరిపోతుంది. స్థాయి 3కి చదివే సమయం 18 నిమిషాలకి పెంచి, తరగతికి చెప్పడం మానేయాలి. మాట్లాడే సమయాన్ని మాత్రం తగ్గించొద్దు. ఆ 12 నిమిషాల కోసమే మిగతాదంతా.

పనులు పంచడం అన్న పద్ధతిని 1990లలో అమెరికాలో విద్యావేత్త హార్వీ డేనియల్స్ ప్రచారంలోకి తెచ్చారు. ప్రశ్నలు వేసేవారు, మాటలు ఏరేవారు, బొమ్మ గీసేవారు, తమ జీవితంతో ముడిపెట్టేవారు, కథ క్లుప్తంగా చెప్పేవారు, ఇలా. ఆ పని కాగితాలు మొక్కుబడిగా మారుతున్నాయని తర్వాత ఆయనే హెచ్చరించారు. మన తరగతుల్లోనూ జరిగేది అదే. పిల్లలు కాగితం నింపి, వరుసగా ఒకరి తర్వాత ఒకరు చదివి, 'అయిపోయింది సార్' అంటారు. ఎవరూ ఎవరితోనూ మాట్లాడి ఉండరు. ఆరు వారాల్లో మొదటి మూడు వారాలే పనులు పంచి, నాలుగో వారం నుంచి ప్రతి పిల్లా ఒక ప్రశ్న, ఒక ఇష్టమైన వాక్యం తెచ్చుకుంటే చాలనాలి.

ప్రశ్నల పని అన్నిటికంటే కష్టం, నేర్పాల్సిందీ అదే. మేక తప్పిపోయిన కథ ఒకటి అనుకుందాం. పాప ఊరంతా వెతుకుతుంది, చివరికి మేక పొరుగింటి అవ్వ దొడ్లో దొరుకుతుంది. పిల్లలు మొదట రాసే ప్రశ్నలు: 'మేక రంగు ఏమిటి?', 'మేక ఎక్కడ దొరికింది?' పాఠం చివర ప్రశ్నలు చూసి చూసి అలవాటైన తీరు. జవాబు ఒక్క మాటలో వస్తుంది, మాట అక్కడితో ఆగుతుంది. టీచరు ఒక ప్రశ్నని పట్టుకుని మార్చి చూపించాలి: 'మేక తన దొడ్లో ఉందని అవ్వకి ముందే తెలుసా? ఏ పేజీ చూసి అలా అంటున్నావు?' ఒకరు తెలుసంటారు, అవ్వ చేతిలో గడ్డి చూపిస్తారు. ఇంకొకరు ఆ గడ్డి ఆవుకి అంటారు. పేజీలు వెనక్కి తిరుగుతాయి. 'ఏ పేజీ' అన్న రెండో వాక్యమే కీలకం. అది లేకపోతే పిల్లలు పుస్తకం వదిలేసి తమ ఇంటి మేక కథలోకి వెళ్ళిపోతారు.

మాటలు ఏరే పనిలో కూడా ఇలాంటిదే. 'కఠిన పదాలు రాయండి' అంటే అర్థాల పట్టిక తయారవుతుంది. దానికి బదులు మూడు మాటలే ఏరమనాలి: ఒకటి తెలియనిది, ఒకటి వినడానికి బావున్నది, ఒకటి తమ ఇంట్లో వేరేలా అనేది. మూడోది పుస్తక భాషకి, పాలమూరో శ్రీకాకుళమో మాట్లాడే ఇంటి భాషకి మధ్య ఉన్న దూరాన్ని తప్పుగా కాకుండా సరదాగా తరగతిలోకి తెస్తుంది. అనువాద కథల్లో శిష్ట వ్యావహారికమే ఎక్కువ కాబట్టి ఈ మూడో మాట ప్రతి పుస్తకంలోనూ దొరుకుతుంది.

టీచరు ఏ గ్రూపు దగ్గరా రెండు నిమిషాలకి మించి నిలబడకూడదు. నిలబడితే పిల్లలు ఒకరితో ఒకరు మాట్లాడటం మానేసి టీచరు ముఖం చూసి మాట్లాడతారు. గొడవ ఎలాగూ ఉంటుంది. ఆరు గ్రూపులు ఒకేసారి మాట్లాడితే పక్క తరగతి వాళ్ళు తలుపు దగ్గరికి వస్తారు. వరండా ఉంటే రెండు గ్రూపులని బయట కూర్చోబెట్టండి.

కొన్న పుస్తకాలతో పోలిస్తే

హైదరాబాద్‌లోని మంచి పుస్తకం వాళ్ళు వేసే పిల్లల పుస్తకాలు, అమెరికాలోని తెలుగువాళ్ళ సంఘం తానాతో కలిసి తెచ్చిన బొమ్మల కథలు, నేషనల్ బుక్ ట్రస్ట్ నెహ్రూ బాల పుస్తకాలయం పుస్తకాలు, చెన్నై తూలిక వాళ్ళ తెలుగు-ఇంగ్లీషు ద్విభాషా పుస్తకాలు, వీటి అచ్చు ముందు మన జిరాక్స్ వెలవెలబోతుంది. కాగితం, రంగు, పిల్ల ఒళ్ళో పెట్టుకుంటే వచ్చే ఆనందం వేరు. తెలుగులోనే పుట్టిన కథలు కావాలంటే స్టోరీవీవర్‌లో వెతకడం కంటే వీటిలో ఏరుకోవడం సులువు. డబ్బులున్న బడి ఏడాదికి నాలుగు మంచి పుస్తకాలు అయిదేసి కాపీలు కొని సర్కిల్‌కే కేటాయించుకోవచ్చు. మిగతా వారాలకి స్టోరీవీవర్. సైటులో పుస్తకం ఉచితంగా ఉంది కదా అని బీరువాకి కొత్త పుస్తకాలు కొనడం ఆపేయడం మాత్రం తప్పుడు పొదుపు.

ఇంగ్లీషు మీడియం తరగతులకి స్టోరీవీవర్‌లో ఒక అదనపు సౌకర్యం ఉంది. అదే కథ ఇంగ్లీషులోనూ తెలుగులోనూ అవే బొమ్మలతో దొరుకుతుంది. చదవడం ఇంగ్లీషులో, మాట్లాడుకోవడం తెలుగులో పెట్టుకోవచ్చు. తెలుగు కాపీ ఒక్కటి గ్రూపు మధ్యలో ఉంచితే చాలు. పిల్లలకి రెండూ చేతికిస్తే ఇంగ్లీషు పుస్తకం తెరవరు.

కథని మార్చి రాసుకునే వీలు

ఎక్కువమంది టీచర్లు ముట్టుకోనిదీ, బాగా పనికొచ్చేదీ సైటులోని రీలెవెల్ సదుపాయం. బొమ్మలు అలాగే ఉంచి, వాక్యాలు మార్చి, ఇంకో స్థాయికి కొత్త పుస్తకంగా తయారుచేసుకోవచ్చు. పరీక్షలో 50కి 5 తప్పులు దాటిన కథ విషయపరంగా బావుంటే దాన్ని వదిలేయక్కర్లేదు. పొడవు వాక్యాన్ని రెండుగా విరవండి, సంయుక్తాక్షరాలు ఎక్కువున్న మాట తీసి వాడుక మాట పెట్టండి, ఒక పేజీలో నాలుగు వాక్యాలు దాటనివ్వకండి. అయితే కథలో మెలిక ఉన్న వాక్యాన్ని మాత్రం తేలిక చేయొద్దు, చర్చ అక్కడినుంచే వస్తుంది. పీడీఎఫ్‌లోంచి తెలుగు అక్షరాలు కాపీ చేసి అతికిస్తే గుణింతాలు, వత్తులు చెల్లాచెదురవుతాయి. పని కాగితాల కోసమైనా, మార్పుల కోసమైనా కొత్తగా టైపు చేసుకోవడమే దారి.

ఆరో వారం తర్వాత 6, 7 తరగతుల పిల్లలచేత ఈ పని చేయిస్తే బావుంటుంది. తాము చదివిన కథని కింది తరగతి పిల్లల కోసం గ్రూపుగా మార్చి రాయడం. కాగితం మీద రాసి, 3వ తరగతి పిల్లలకి చదివి వినిపించి, వాళ్ళు ఆగిన చోట దిద్ది, ఆ తర్వాతే సైటులోకి ఎక్కించాలి. ప్రచురించు అని నొక్కగానే అది అందరికీ కనిపిస్తుంది కాబట్టి అచ్చుతప్పులు ఇద్దరు టీచర్లు చూడాలి. పిల్లల ఫోటోలు, పూర్తి పేర్లు, ఊరు అందులో పెట్టొద్దు. ఖాతా టీచరు పేరున ఉంచి, '6వ తరగతి విద్యార్థులు' అని రాస్తే సరిపోతుంది.